పేరు రాయకు, మాట రాసుకో

సెప్టెంబర్ 11

శ్రీశైలం సార్ ఈ రోజు క్లాసులో అందరినీ తలా ఒక డైరీ కొనుక్కోమన్నారు. గుణాత్మక పరిశోధన చేసేవాళ్లు ఏం చూశారో, చూసినప్పుడు తమకేమనిపించిందో ఎప్పటికప్పుడు రాసుకోవాలట. నెలకోసారి ఆయన చూసి సంతకం పెడతారు. ఒకరు సంతకం పెట్టే డైరీలో ఎవరైనా నిజం రాస్తారా? అందుకని వనపర్తి బస్టాండు పక్క షాపులో రెండు కొన్నాను. నీలం అట్టది సార్‌కి. ఇది నాకు.

ఎమ్మెస్‌డబ్ల్యూ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు టాపిక్ కూడా ఖాయమైంది. గట్టు మండలంలో సుగ్గికి పోయే ఆడవాళ్లు. సుగ్గి అంటే కోతల కాలం, కన్నడ మాటట. మిరపకోతకు, పత్తి ఏరడానికి సరిహద్దు దాటి రెండు మూడు నెలలు వెళ్లి ఉండడాన్ని అక్కడివాళ్లు సుగ్గికి పోవడం అంటారు. నా క్లాస్‌మేట్ రాకేష్ సోమశిలలో పడవలు నడిపేవాళ్లను తీసుకున్నాడు. వాడికి పడవ ఎక్కాలని ఉంది, అంతకుమించి అందులో పరిశోధన ఏమీ లేదు.

సెప్టెంబర్ 19

ఈ రోజు ఇంటర్వ్యూ చేయడం నేర్పారు. "ఎందుకు" అని అడగకూడదు. అడిగితే మనిషి సంజాయిషీ ఇస్తాడు తప్ప సంగతి చెప్పడు. "అప్పుడేమైంది" అని అడగాలి. జవాబు అయిపోయిందనిపించాక కూడా మనసులో ఒకటి నుంచి ఐదు దాకా అనుకుంటూ ఊరుకోవాలి. అసలు మాట ఆ తర్వాతే వస్తుందట.

ఇంటికి వచ్చి అమ్మ మీద ప్రయోగించాను. మేనమామ పెళ్లిలో ఏమైందని అడిగి, ఆమె చెప్పడం ఆపాక కళ్లలోకి చూస్తూ కూర్చున్నాను. మూడు దాకా వచ్చానో లేదో, "ఏంది గట్ల సూస్తున్నవ్, పానం మంచిగున్నదా?" అని నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

అక్టోబర్ 4

మొదటిసారి ఊరికి వెళ్లాను. గద్వాలలో బస్సు మారి గట్టు, అక్కడి నుంచి ఆటో. ఊరి పేరు నీలం డైరీలో రాయలేదు, ఇక్కడా రాయను. అలవాటు కావాలి.

అంగన్‌వాడీ టీచర్ ఏసమ్మ ఆడవాళ్లను కేంద్రానికి పిలిపించింది. ఆమె మాట మీదే వచ్చారు, నా మొహం చూసి కాదు. పద్నాలుగు మంది. సమ్మతి పత్రం చదివి వినిపించాను. మీ పేరు ఎక్కడా రాయను, ఇష్టం లేకపోతే మధ్యలో లేచిపోవచ్చు అని చెప్పాను. "రేషన్ కార్డుకా?" అని ఒకామె అడిగింది. కాదన్నాక ఇద్దరు నీరసపడ్డారు, అయినా వేలిముద్రలు వేశారు.

ఏసమ్మ అందరికీ టీ పోసింది. ఒకామె గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టి "బ్యాడ" అంది. అందరూ నవ్వారు. ఆమె పేరు బాలమణి. ముప్పై ఏళ్లుంటాయి. రాయచూరు దిక్కు నుంచి వచ్చిన కోడలు, కన్నడంలో వద్దు అంటే బ్యాడ. అటువైపు కోడళ్లు ఊళ్లో ఇంకా ముగ్గురు నలుగురు ఉన్నారు కానీ వాళ్లంతా "వద్దు"కు మారిపోయారట. పన్నెండేళ్లయినా ఈమె ఒక్కతే మారలేదని, వెనకాల బ్యాడక్క అంటారని ఏసమ్మ నా చెవిలో చెప్పింది. నీలం డైరీలో "సరిహద్దు భాషలో వైవిధ్యం" అని ఒక లైను రాశాను. సార్‌కి ఇలాంటివి నచ్చుతాయి.

అక్టోబర్ 9

ఈదమ్మతో గంటా పది నిమిషాలు. బాలమణి అత్త ఈమె. భర్త కిష్టయ్య పోయి తొమ్మిదేళ్లయింది. నేను సుగ్గి గురించి అడిగితే మనుమరాళ్ల గురించి చెప్పింది. మనుమరాళ్ల గురించి అడిగితే బీచుపల్లి గురించి చెప్పింది. కొడుకు రాములు బోరుబండి మీద పనిచేస్తాడు. నెలల తరబడి ఇంటికి రాడు. వచ్చినప్పుడల్లా మగపిల్లవాడు కావాలని పోరు పెడతాడు. ఉన్న ఇద్దరూ ఆడపిల్లలే. అతను వచ్చిన ప్రతిసారీ ఈమె ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని బీచుపల్లి ఆంజనేయస్వామికి మొక్కడానికి వెళుతుందట.

"పోయినేడు మొక్కిన. ఈయేడు మొక్కిన. దేవునికి తొందర లేదు, నాకు గూడ లేదు," అని నవ్వింది.

ఐదు దాకా ఊరుకున్నాను. ఇంకేమీ రాలేదు. ఇంటికొచ్చి పక్కన రాసుకున్నాను: మనుమడి కోసం అత్త ఒత్తిడి. ఇది ప్రతి పుస్తకంలోనూ ఉన్నదే.

అక్టోబర్ 17

బాలమణి. పత్తి చేనులో. ఆమె ఏరుతూ మాట్లాడింది, నేను ఫోన్ పట్టుకుని వెంట నడిచాను. చుట్టుపక్కల ఎవరూ లేరు.

"సుగ్గి అంటే గోస అంటరు గదమ్మా అందరు. నాకైతే గాదు. ఆడ ఎవ్వలు పేరు వెట్టి పిలువరు. పొద్దుగూకితే నా సాప నాది, నా నిద్ర నాది."

అప్పుడేమైందని అడిగాను. దేనికి అడిగానో నాకే తెలియదు, నేర్పారు కనుక అడిగాను. ఆమె ఒక సాలు పూర్తిగా ఏరింది. నేను ఊరుకున్నాను.

"నాలుగేండ్ల కింద సుగ్గికి పోయినప్పుడే రాయచూరు దవాఖానల ఆపరేషన్ చేపిచ్చుకున్న. మా అవ్వ ఇంట్ల పది దినాలు పండుకున్న. ఈడ ఎవ్వలకు ఎరుక లేదు. మా ఆయనకు లేదు, మా అత్తకు లేదు. రెండో కాన్పుకే సచ్చి బతికిన. మల్ల కడుపా? బ్యాడ. ఎవ్వలేమన్న అనుకోనియ్యి, నాకు బ్యాడ."

తర్వాత నా ఫోన్ వైపు చూసింది.

"పేరు రాయకు. మాట రాసుకో. ఎవ్వలకన్న జెప్పాలెనని శాన దినాల సంది ఉండె."

మాటిచ్చాను. ఇక్కడ ఒక సంగతి రాయాలి, నీలం డైరీలో రాయలేను. ఆమె చెబుతున్నంతసేపూ నాకు జాలి కలగలేదు, సంతోషం కలిగింది. రికార్డింగ్ నడుస్తోందా లేదా అని రెండుసార్లు చూసుకున్నాను.

అక్టోబర్ 18

మళ్లీ విన్నాను. నాలుగుసార్లు.

నవంబర్ 5

ఒక గంట మాట టైపు చేయడానికి నాకు ఏడు గంటలు పడుతోంది. మెడ పట్టేసింది. టైపు చేశాక కోడింగ్. ప్రతి వాక్యం పక్కన అది దేని గురించో ఒక చిన్న పేరు పెట్టాలి. ఆ పేర్లను గుంపులు చేస్తే థీమ్‌లు వస్తాయి. పేరు మన సొంత మాట కాకుండా చెప్పినవాళ్ల నోటిమాటే అయితే దాన్ని ఇన్ వివో కోడ్ అంటారు. పరిశోధకుడికి అంతకంటే అదృష్టం లేదంటారు సార్.

బాలమణి మాటల పక్కన ఎర్ర పెన్నుతో "బ్యాడ" అని రాసి సార్‌కి చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. "ఈ ఒక్క మాట మీద చాప్టర్ నిలబడుతుందమ్మా" అన్నారు. క్లాసులో అందరి ముందూ అన్నారు. రాకేష్ పడవలవాళ్లు ఏం అడిగినా "సీజన్ల రాండ్రి సార్" అంటున్నారట. వాడి మొహం చూస్తే నవ్వొచ్చింది.

బాలమణికి సరోజ అని పేరు పెట్టాను. వయసు రెండేళ్లు పెంచాను. పిల్లలెందరో తీసేశాను. రాయచూరును "సరిహద్దు అవతలి పట్టణం" చేశాను. ఇంతకంటే జాగ్రత్తగా ఎవరూ ఉండరు.

నవంబర్ 21

మెంబర్ చెకింగ్ చేయాలట. అంటే మనం తేల్చిన సంగతులను, చెప్పినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లి చదివి వినిపించాలి. మీరన్నది నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా అని అడగాలి. వాళ్ల మాట వాళ్లకు తిరిగి ఇవ్వడం పరిశోధకుడి మర్యాద అన్నారు సార్. నాకు ఆ మాట చాలా నచ్చింది.

నవంబర్ 30

చదవడానికి కాగితం తయారుచేశాను. సరోజ మాటలు మొత్తం చదవాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించి తీసేశాను. అవ్వ ఇల్లు, అంటే ఆమె తల్లి ఇల్లు, తీసేశాను. నాలుగేళ్లు తీసేశాను. "ఒకామె" అని కూడా అనకుండా "కొందరు" అన్నాను. ఒక్క మాట మాత్రం ఉంచాను. అది లేకపోతే ఆ థీమ్‌కు పేరే లేదు.

ఒక్క మాటే కదా. మాట ఎవరిదైనా కావచ్చు.

డిసెంబర్ 6

పద్నాలుగు మందీ వచ్చారు. బాలమణి గోడవారగా కూర్చుంది. ఈదమ్మ గడప పక్కన. ఏసమ్మ చాప పరిచింది. మొదటి రెండు థీమ్‌లు బాగా జరిగాయి. సుగ్గిలో నీళ్ల తిప్పల గురించి చదివినప్పుడు "గట్లనే, గట్లనే" అన్నారు. నాకు హుషారొచ్చింది. మూడోది చదివాను.

"సుగ్గికి పోయినచోట, ఇంట్లో చెప్పకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కూడా కొందరు ఉన్నారు. ఇంక పిల్లలు చాలనుకున్నారు. ఈ థీమ్‌కు వాళ్ల మాటనే పేరుగా పెట్టాను. బ్యాడ."

స్వరూప అని పోయినేడు కాపురానికి వచ్చిన పిల్ల ఒకతె ఉంది. చప్పట్లు కొట్టి నవ్వింది.

"బ్యాడ అంటే మన బాలమణక్కనే గద మేడం!"

ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. తర్వాత అర్థమైంది వాళ్లకు. స్వరూప చేత్తో నోరు మూసుకుంది. పన్నెండు తలలు గోడవైపు తిరిగాయి. బాలమణి వాళ్లను చూడలేదు, అత్తను చూడలేదు. నన్నే చూసింది.

ఈదమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. "బర్రెను పిండే యాళ్లయింది," అని వెళ్లిపోయింది.

ఇంకా రెండు థీమ్‌లు మిగిలాయి. అవి కూడా చదివాను. ఎందుకు చదివానో తెలియదు.

డిసెంబర్ 7

బాలమణి ఫోన్ ఎత్తలేదు.

డిసెంబర్ 8

స్విచాఫ్.

డిసెంబర్ 9

నేను పేరు రాయలేదు. పేరు పలకలేదు.

డిసెంబర్ 11

సార్‌కి చెప్పాను. ఇలాంటివి ఫీల్డ్‌లో జరుగుతాయని, "పరిమితులు" అన్న భాగంలో ఒక పేరా రాయమని, అది రిపోర్టుకు బలమే అవుతుందని అన్నారు. "అయినా నువ్వు పేరు చెప్పలేదు కదమ్మా" అన్నారు.

రెండు రోజులుగా నాకు నేను చెప్పుకుంటున్న మాటే అది. ఆయన నోటివెంట విన్నాక మళ్లీ అనుకోలేకపోయాను.

డిసెంబర్ 14

ఏసమ్మ ఫోన్ చేసింది.

"రాములు దిగిండు మేడం. ఎవ్వలో ఫోన్ జేసి జెప్పిండ్రంట. పిల్లలను ఈడనే పెట్టుకొని బాలమణిని అవ్వగారింటికి తోలిండు. ఇగ రావొద్దన్నడు. వచ్చే ఐతారం పెద్దమనుషులను కూసోపెట్టి తెంపుకుంటనంటుండు."

"నేను చెప్పింది బాలమణి గురించి కాదని మీరు చెప్పలేదా?"

"ఎట్ల జెప్పాలె మేడం? పద్నాలుగు మంది ఇన్నరు. మీరే సదివిండ్రు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ఆ పిల్లలు ఇద్దరూ తల్లి ఎక్కడికి పోయిందని ఏసమ్మనే అడుగుతున్నారట. ఈ పని చేసింది నేను. రాములు కాదు, స్వరూప కాదు. నేను.

డిసెంబర్ 15

అబద్ధం చెబుతాను. మల్దకల్ దగ్గర వేరే ఊళ్లో కూడా ఇంటర్వ్యూలు చేశాను, ఆ మాట అక్కడి ఆమెది, ఆమెదీ కన్నడ దిక్కే. పెద్దమనుషులు అడిగినా ఇదే చెబుతాను. సార్ వింటే దీన్ని ఏమంటారో నాకు తెలుసు. లేని మనిషిని పుట్టించడం పరిశోధనలో అన్నిటికంటే పెద్ద తప్పు, రెండో వారంలోనే చెప్పారు.

అద్దం ముందు ఆరుసార్లు అనుకున్నాను.

డిసెంబర్ 18

పొద్దున బస్సుకే వెళ్లాను. ఈదమ్మ ఒక్కతే ఇంటి ముందు కందులు చెరుగుతోంది. రాములు గట్టుకు పోయాడు, వచ్చేస్తాడంది. కూర్చోమని కూడా అనలేదు, పొమ్మనీ అనలేదు. నేనే కూర్చున్నాను. మల్దకల్ సంగతి మొదలుపెట్టాను.

ఆమె సగంలోనే చేట పక్కన పెట్టింది.

"అబద్ధం జెప్పుడు నీకు రాదు బిడ్డా. మొకం కిందికి ఏసుకొని జెప్తున్నవ్."

నేను ఊరుకున్నాను. ఈసారి మనసులో అంకెలేమీ అనుకోలేదు.

"దాని ఆపరేషన్ సంగతి నాకు ఎరుకే," అంది ఈదమ్మ. "నాలుగేండ్ల సంది ఎరుక."

నేను తల ఎత్తి ఆమెను చూశాను.

"సుగ్గికెల్లి వచ్చిన పిల్ల వంగుతలేదు, బరువు ఎత్తుతలేదు. సూస్తె ఎరుక గాదా? మూణ్ణెల్లు నీళ్ల బిందెలు నేనే మోసిన. నడుము నొస్తుందా అనలే, ఏమైందే అనలే. దానికి తెల్వదు నాకు ఎరుకని. వానికి తెల్వదు. ఎవ్వలు నోరిప్పలే గనక ఇల్లు నడిచె. నువ్వు వచ్చి మందిల సదివితివి."

"మరి బీచుపల్లికి..."

"వాడు దిగినప్పుడల్ల కొడుకు కొడుకు అని దాని పానం తింటుండె. మొక్కినం గద, దేవుడిచ్చినప్పుడు ఇస్తడురా అంటే ఊకుంటుండె. ఇంకేం జెప్పాలె వానికి?"

నాకు ఏడుపొచ్చింది. క్షమించమన్నాను. ఆమె వినిపించుకోలేదు. "నీ బుక్కు తెచ్చినవా?" అని అడిగింది. తెచ్చానన్నాను. "అచ్చు గుద్దే పెట్టె?" వేలిముద్రల ఇంకు ప్యాడు, అదీ సంచిలోనే ఉంది. "వాడు రానియ్యి. నేను జెప్పింది రాసుకో. నడుమ మాట్లాడకు."

రాములు వచ్చాడు. నన్ను చూసి మోటార్‌సైకిల్ దిగకుండానే అన్నాడు, "ఇంక ఏం మిగిలిందని వచ్చినవ్ మేడం?" చదువుకున్నవాళ్లంటే ఉన్న మర్యాద అంతా ఆ "మేడం"లో అయిపోయింది.

"నేనే పిలిపిచ్చిన," అంది ఈదమ్మ. "ఆ దినం సగమే రాసుకున్నది. మిగిలింది జెప్దామని." తర్వాత నా వైపు తిరిగి, బడిలో పాఠం చెప్పినట్టు నెమ్మదిగా, నా పెన్ను అందుకునేదాకా ఆగి ఆగి చెప్పింది.

"బాలమణికి ఆపరేషన్ నేనే చేపిచ్చిన. రాయచూరుకు నేనే తోలిచ్చిన. రెండో కాన్పుల పిల్ల మంచం మీద సచ్చి బతికింది. మల్ల కడుపైతే దక్కదని నాకు భయమయ్యింది. ఎవ్వలకు జెప్పొద్దని దానితోని నేనే ఒట్టు వెట్టిచ్చిన. రాసినవా?"

"రాశాను."

రాములు దిగాడు. "నువ్వా?" అన్నాడు.

"నేనే."

"మల్ల నన్ను బీచుపల్లికి ఏమిటికి తిప్పినవే?"

"దేవుని తానికి పోతే తప్పా?"

అతను తల్లిని అలా చూస్తూనే ఉన్నాడు. కొట్టబోతాడేమో అనుకున్నాను. ఆమె చేట మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. "అత్త మాట దాటని కోడలిని ఏమని ఎల్లగొడ్తవ్ ఇంట్లకెల్లి? ఎల్లగొట్టాలనుకుంటే నన్ను ఎల్లగొట్టు. పెద్దమనుషులను పిలిపియ్యి, నేనే జెప్త."

అప్పుడు రాములు నన్ను అడిగాడు. "మేడం, మీరు ఆ దినం సదివింది గిదేనా? ఇంట్ల చెప్పకుండ అన్నరంట గద."

"ఇంట్లో అంటే మీకు," అన్నాను.

తల పైకెత్తే చెప్పాను.

"అందుల ఎవ్వల పేరున్నది?"

"పేర్లు రాయం. అందరి పేర్లూ మార్చి రాస్తాం."

"పేరు లేకుంటే ఎవ్వలన్నరని నమ్మాలె? రేపు ఇంకోటి అంటరు."

"నా పేరు రాయి," అంది ఈదమ్మ. "ఉత్త పేరు గాదు. కిష్టయ్య పెండ్లాం ఈదమ్మ అని రాయి." కుడిచేతి బొటనవేలు కొంగుతో తుడుచుకుని నా ముందు చాపింది.

వేలిముద్ర తీసుకున్నాను. రాములు వంగి చూశాడు. అతనికి చదవడం వచ్చు. రెండుసార్లు చదివి, మళ్లీ బండెక్కి వెళ్లిపోయాడు.

డిసెంబర్ 19

ఈదమ్మ ఇంటర్వ్యూ తీసి మళ్లీ విన్నాను. దేవునికి తొందర లేదు, నాకు గూడ లేదు. నా చేతిరాత పక్కనే ఉంది: మనుమడి కోసం అత్త ఒత్తిడి. కొట్టేశాను. దాని బదులు ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను.

డిసెంబర్ 23

ఏసమ్మ: "బాలమణి వచ్చింది మేడం. రాములే పోయి తోల్కొచ్చిండు. పెద్దమనుషులు కూసోలే."

ఈ రోజు అన్నం తిన్నాను.

జనవరి 9

గట్టు బస్టాండులో బాలమణి కనిపించింది. సుగ్గికి పోయే గుంపు ఆటో ఎక్కుతోంది. మూటలు, కొడవళ్లు, నీళ్ల డబ్బాలు. పిల్లలను తీసుకుపోవడం లేదు. అత్త దగ్గరే ఉంటారట, పక్కనున్నామె చెప్పింది. నన్ను చూసి బాలమణి మొహం తిప్పుకోలేదు, నవ్వనూ లేదు. బియ్యం మూట ఎత్తుతుంటే నేను ఇంకో కొస పట్టుకోబోయాను.

"వద్దమ్మా," అంది.

ఆటో వెళ్లిపోయింది. నేను గద్వాల బస్సు రెండు వదిలేసి మూడోది ఎక్కాను.

జనవరి 27

సరోజ చాప్టర్ తీసేశానని సార్‌కి చెప్పాను. రికార్డింగ్ చెరిపేశాను. టైపు చేసింది, ఎర్ర పెన్నుతో రాసింది, అన్నీ పోయాయి. ఆయనకు నిజంగా కోపం వచ్చింది. రెండేళ్లలో ఆయనకు కోపం రావడం చూడడం ఇదే మొదటిసారి.

"రిపోర్టు మొత్తంలో అదొక్కటే కొత్త సంగతి. దాన్ని తీసేసి అత్త చేయించిందని పెడతావా? ముందు చూపించిన దాంట్లో అలా లేదే."

"ఆమె తర్వాత చెప్పింది సార్. నేను అక్కడే ఉన్నాను."

"ఇది నిజమేనా పావనీ?"

ఈ ప్రశ్న ఆయన రెండు సెమిస్టర్లలో మమ్మల్ని ఎన్నడూ అడగనివ్వలేదు. చెప్పింది నిజమా కాదా అని తీర్పు చెప్పడం మన పని కాదని, మనిషి ఎందుకు అలా చెబుతున్నాడో వినడమే మన పని అని ఆయనే నేర్పారు. ఆ మాట గుర్తు చేయలేదు. "వేలిముద్ర ఉంది సార్," అన్నాను.

అసలు పేరు ఉంచడానికి కూడా ఒప్పుకోలేదు మొదట. రూలు చూపించారు. మాట్లాడినవాళ్లే తమ పేరు కావాలని రాతపూర్వకంగా అడిగితే ఉంచవచ్చని అదే రూలు కింద చిన్న అక్షరాల్లో ఉంది. అది నేను చూపించాను.

మార్చి 16

ఏసమ్మకు ఫోన్ చేశాను. సుగ్గి గుంపు ఇంకా రాలేదు. రాములు డిసెంబర్ నుంచి తల్లితో మాట్లాడడం లేదట. బోరుబండి మీది నుంచి ఫోన్ చేస్తే పిల్లలతో మాట్లాడి పెట్టేస్తాడు. పోయిన నెల వచ్చినప్పుడు ఆమె వండింది ముట్టలేదు. ఊళ్లో కొందరు ఈదమ్మను కొడుకు వంశం ఆపిన ముసలిదంటున్నారు.

"ఆమె ఏమంటుంది?"

"ఏమనదు మేడం. అననియ్యి అంటది."

నేను ఒకసారి వచ్చి పోతానన్నాను. "ఇప్పుడే రాకుండ్రి," అంది ఏసమ్మ.

ఏప్రిల్ 30

రిపోర్టు బైండింగ్‌కు ఇచ్చాను. నూట పన్నెండు పేజీలు. రాకేష్‌ది నూట నలభై, అందులో ముప్పై పడవల ఫోటోలు.

జూన్ 12

వైవా అయిపోయింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ పెద్దావిడ. నిదానంగా పేజీలు తిప్పుతూ అడిగింది. సుగ్గి గురించి, నీళ్ల గురించి, కోడింగ్ ఎలా చేశానని. అన్నీ చెప్పాను. డెబ్బై ఆరో పేజీ దగ్గర ఆగి కళ్లజోడు సర్దుకుంది.

"అందరి పేర్లూ మార్చి ఈ ఒక్కటీ ఎందుకు వదిలేశావమ్మా?"

"ఆమె అడిగింది మేడం. సమ్మతి పత్రం వెనక జతచేశాను."

ఆవిడ వెనక్కి తిప్పి చూసింది. సార్ టేబుల్ మీద పెన్ను అటూ ఇటూ దొర్లిస్తున్నారు.

"ముందు చదివినప్పుడు నమ్మకం కలగలేదు నాకు," అంది ఆవిడ. "అత్తే కోడలికి ఆపరేషన్ చేయించడం, కొడుక్కు చెప్పకపోవడం. ఇన్నేళ్లలో ఎక్కడా వినలేదు. పేరు, వేలిముద్ర చూశాకే నమ్మాను. ఇంత ధైర్యంగా పేరు పెట్టి ఎవరు చెబుతారు?" అని ఆ పేజీ మీద టిక్కు పెట్టింది.

బయటికొచ్చాక సార్ అభినందనలు చెప్పారు. ఫస్ట్ క్లాస్ ఖాయమన్నారు. నీలం డైరీ మీద ఆఖరి సంతకం పెట్టి ఇచ్చారు. నేను మెట్ల మీద కూర్చుని రిపోర్టు మళ్లీ ఒకసారి తిరగేశాను. పన్నెండు మంది చెప్పింది నిజం, వాళ్ల పేర్లు నేను పెట్టినవి. ఈదమ్మది ఒక్కటే నిజమైన పేరు.